కుక్కలతో వారం రోజుల ఓరియెంటీరింగ్: పరకాల చెలకల్లో ఏది ముందు, ఏది వెనుక

మిగతావారికి కూడా అర్థం కావడానికి మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను. హనుమకొండలో ఒకే కాలనీవారు ఎనిమిది మంది, వారి కుక్కలు ఆరు. సంక్రాంతి సెలవులకు అటూ ఇటూ కలుపుకొని ఒక వారం ఖాళీ. పరకాల దాటాక మీ మిత్రుడికి పన్నెండెకరాల చెలక ఉంది. దాని వెనుక రాతి గుట్ట, గుట్ట కింద చెరువు. మొదటి రోజు నుంచే కుక్కలతో పరుగెత్తుతూ ఓరియెంటీరింగ్ (మ్యాప్, దిక్సూచి చూసుకుంటూ గుర్తుపెట్టిన చోట్లను వెతికి చేరే ఆట) నేర్చుకోవాలని, మధ్యలో సొంతంగా మ్యాప్ గీయాలని, ఆఖరి రాత్రి పాకాల అడవిలో టార్చిలైట్లతో పోటీ పెట్టుకోవాలని మీ ఆలోచన. ఇందులో ఏమి మార్చాలి, దిక్సూచి ఎలాంటిది కొనాలి అని అడిగారు.

పాకాల సంగతి ముందే తేల్చేద్దాం. అది అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేనిదే లోపల అడుగు పెట్టకూడదు. కుక్కలతో, అదీ రాత్రిపూట, అనుమతి దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. ఏటూరునాగారం, కవ్వాల్ అడవులకూ ఇదే మాట. పైగా ఆ చట్టం దృష్టిలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, తరమడం, ఉచ్చు పన్నడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటే. మీ ముధోల్ జాతి వేటకుక్క ఒక కుందేలు వెంట పడిందంటే, మేము ఆట కోసం వచ్చామని చెప్పినా వినేవారు ఉండరు. చిరుత తిరిగే అడవిలో చీకటి పడ్డాక కుక్కను వెంటబెట్టుకొని తిరగడం ఎంత తెలివితక్కువ పనో వేరే చెప్పనక్కరలేదు. రాత్రి పోటీ మీద అంత మోజు ఉంటే మీ మిత్రుడి చెలకలోనే పెట్టుకోండి, కుక్కలను షెడ్డులో కట్టేసి.

ఇక అసలు విషయం. మీ ప్రణాళికలో పనులన్నీ ఉన్నాయి, వరుసే తలకిందులుగా ఉంది. కుక్కలతో పరుగు మొదటి రోజు పని కాదు, అయిదో రోజు పని. మొదటి మూడు రోజులు మ్యాప్‌కు ఇవ్వాలి. ఆ మ్యాప్‌లో బాటలు, బండలకంటే ముందు ప్రమాదాలు ఎక్కాలి. మ్యాప్ పూర్తయ్యాకే ఏ కుక్కను ఎక్కడ తాడు విప్పి వదలవచ్చో, ఎక్కడ వదలకూడదో తేలుతుంది. ఈ క్రీడ స్కాండినేవియా అడవుల్లో పుట్టింది. జనానికి తెరిచిన మొదటి పోటీ 1897 అక్టోబరు 31న నార్వేలో జరిగింది. 1919లో స్వీడన్‌లో ఎర్నస్ట్ కిలాండర్ పెద్ద పోటీ నిర్వహించాక దానికి ఇప్పటి రూపం వచ్చింది. అక్కడ ఆటగాడి చేతికి సిద్ధంగా గీసిన మ్యాప్ ఇస్తారు, అతడు పరుగెత్తుతాడు. ఆ పుస్తకాలు, వీడియోలు చూసి మనమూ నేరుగా పరుగుకు దిగుతాం. మన చెలకల్లో గట్టు లేని వ్యవసాయ బావులు ఉంటాయన్న సంగతి ఆ పుస్తకాలు రాసినవారికి తెలిసే అవకాశం లేదు.

బావితోనే మొదలుపెడతాను. బోర్లు వచ్చాక వాడకం మానేసిన పాత బావులు ఉత్తర తెలంగాణలో ఊరికి పదుల కొద్దీ కనిపిస్తాయి. చుట్టూ సర్కారు తుమ్మ, రేగు కంప అల్లుకొని, అంచు ఎక్కడుందో పది అడుగుల దూరం నుంచి కూడా తెలియదు. మనిషి కంపను చూసి పక్కకు తిరుగుతాడు, కుక్క కంప కిందుగా దూరిపోతుంది. వాసన పట్టుకొని తల దించి పోయే కుక్కకు ముందు నేల లేదన్న సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. మీ మిత్రుడికి తన బావి తెలుసు, పక్క చెలకల బావులు తెలియకపోవచ్చు. అందుకే మొదటి రోజు సాయంత్రమే చుట్టుపక్కల రైతులను, గొర్లు కాసేవారిని కూర్చోబెట్టి అడగండి. ఊళ్లో ఏ బావి ఎక్కడుందో, ఏ గుట్ట సందులో ఎలుగుబంటి పడుకుంటుందో, ఏ బండ కింద తేనెతుట్టె ఉందో గొర్ల కాపరికి తెలిసినంతగా ఏ ఉపగ్రహానికీ తెలియదు.

తర్వాత కరెంటు తీగలు. అడవిపందుల నుంచి పంటను కాపాడుకోవడానికి కొందరు రాత్రిపూట పొలం చుట్టూ సన్నటి తీగ కట్టి నేరుగా కరెంటు పెడతారు. అది చట్టవిరుద్ధం. దానివల్ల మనుషులు, పశువులు చనిపోయిన వార్తలు ఏటా పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. మొక్కజొన్న, వేరుశనగ చేల దగ్గర ఈ భయం ఎక్కువ. తెల్లవారుజామున, ఇంకా తీగ తీయని వేళలో, మీరు కుక్కలతో బయలుదేరితే ఏమవుతుందో ఊహించండి. కాబట్టి ఆ దిక్కున పొలాలున్న ప్రతి రైతుతో ముఖాముఖి మాట్లాడాలి. ఎవరినీ తప్పుపట్టే గొంతుతో కాదు. "ఈ వారం మా కుక్కలు ఇటు తిరుగుతాయి, ఎటు రాకూడదో చెప్పండి" అంటే చాలు. చెప్పిన హద్దును మ్యాప్‌లో ఊదా రంగు అడ్డగీతలతో నింపేయండి. అంతర్జాతీయ ఓరియెంటీరింగ్ మ్యాపుల్లో ప్రవేశం లేని చోటును అలాగే చూపుతారు. సూర్యుడు పైకి వచ్చి, రైతులు పొలాల్లోకి దిగాకే కుక్కలు కదలాలి. జనవరి మధ్యలో వరంగల్ ప్రాంతంలో ఆరు ముప్పావు దాటితే గానీ సూర్యోదయం కాదు. కొన్ని రోజులు మంచు కూడా పడుతుంది. ఏడున్నరకు మొదలుపెడితే పోయేదేమీ లేదు.

పందులకోసం పెట్టే నాటు బాంబులు ఇంకో పీడ. కొవ్వు, పిండి లాంటిది పూసి పొదల దగ్గర పెడతారు, నోట కరిస్తే పేలుతుంది. నేల మీద పడి ఉన్నదేదీ ముట్టకూడదన్న అలవాటు లేని కుక్కను గుట్ట వైపు వదలకండి, అంతే. ఉచ్చులు కూడా పొదల మధ్య ఇరుకు దారుల్లోనే ఉంటాయి. ఎలుకల మందు పెట్టిన వరి గట్లు, పురుగుమందు డబ్బాలు పారేసిన మూలలు, మోటారు స్టార్టరు నుంచి నేల మీదుగా పోయే తీగలు, ఇవన్నీ మొదటి విడత నడకలోనే మ్యాప్‌కు ఎక్కాలి. మీ దగ్గర కాకతీయ కాలువ గానీ దాని పిల్ల కాలువ గానీ ఉంటే దానికీ ఊదా గీతలే. సిమెంటు లైనింగు ఉన్న కాలువలో పడిన కుక్క ఈదగలదు గానీ ఆ వాలు ఎక్కి బయటికి రాలేదు. దాన్ని తీయబోయి మనుషులు పోతారు. వదిలేసిన గ్రానైటు క్వారీ గుంతలూ అంతే.

ఇప్పుడు మ్యాప్ దేని మీద గీయాలి అన్న మాట. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీట్లు చూసి ఉంటారు. దారి తెలుసుకోవడానికి మంచివి, మీ పనికి చాలవు. అందులో కిలోమీటరు రెండు సెంటీమీటర్లు, మీ గుట్ట నిడివి వంద మీటర్లయితే రెండు మిల్లీమీటర్లు. మైదాన ప్రాంతంలో కాంటూరు రేఖల (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు) మధ్య ఎడం 20 మీటర్లు కాబట్టి ముప్పై మీటర్ల గుట్టకు ఒకటో రెండో గీతలు పడతాయి. దాని మీది బండలు, సందులు, బోడులు ఒక్కటీ కనిపించవు. సరదాకు ఒక మాట: పాత షీట్ల హద్దు సరిగ్గా 18 డిగ్రీల అక్షాంశం మీద పడుతుంది. ఆ గీతకు ఉత్తరాన వేయిస్తంభాల గుడి, దక్షిణాన వరంగల్ కోట. జంట నగరం రెండు షీట్లలో చీలిపోయింది.

కాబట్టి సొంత మ్యాప్ తప్పదు. స్కేలు 1:5,000 పెట్టుకోండి, సెంటీమీటరుకు యాభై మీటర్లు. ఎనిమిది వందల మీటర్ల పొడవు, ఆరు వందల మీటర్ల వెడల్పు ఉన్న చోటు పదహారు, పన్నెండు సెంటీమీటర్లలో ఇమిడిపోతుంది. ఒక ఏ4 కాగితంలో చుట్టూ రాసుకోవడానికి చోటు మిగులుతుంది. అంతకంటే పెద్ద చోటు మీద ఆశ పడకండి. చేయి తిరిగినవారికే ఒక చదరపు కిలోమీటరు అడవిని శుభ్రంగా గీయడానికి ఇరవై గంటలకు పైగా పడుతుంది. ఓపెన్ ఓరియెంటీరింగ్ మ్యాపర్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, కంప్యూటర్లోనూ ఆండ్రాయిడ్ ఫోనులోనూ పనిచేస్తుంది. ఓరియెంటీరింగ్ గుర్తులన్నీ అందులోనే ఉంటాయి. ఉపగ్రహ చిత్రాన్ని అడుగున పెట్టి, ఉత్తర రేఖలు గీసి, లేత రంగులో అచ్చు తీసుకొని పొలంలోకి వెళ్లండి. ఆ చిత్రం ఏ నెలలో తీసిందో చూసుకోండి. ఏప్రిల్‌లో తీసినదైతే మీ చెరువు సగానికి ఎండి, శిఖం భూమి (చెరువు లోపలి నేల) అంతా బట్టబయలుగా కనిపిస్తుంది. జనవరిలో అక్కడ నీళ్లుంటాయి.

కొలత పని ఇద్దరిద్దరుగా చేయాలి. ఒకరు అడుగులు లెక్కపెడతారు, ఒకరు గీస్తారు. టేపుతో 100 మీటర్లు కొలిచి, ప్రతి ఒక్కరూ తన జంట అడుగులు (ఒకే కాలు నేల తాకిన ప్రతిసారీ ఒకటి) ఎన్నో తెలుసుకోండి. చాలామందికి అరవై, డెబ్బై మధ్య వస్తాయి. గుట్ట ఎక్కేటప్పుడు ఆ లెక్క పెరుగుతుంది, దాన్ని విడిగా కొలుచుకోండి. ఫోను జీపీఎస్ బయలులో మూడు నుంచి అయిదు మీటర్ల తేడా చూపుతుంది. మీ స్కేలులో అది ఒక మిల్లీమీటరు కాబట్టి చింత లేదు. బండల సందుల్లో మాత్రం నమ్మకండి. ఎత్తులకోసం ఉచితంగా దొరికే ఉపగ్రహ లెక్కలు ముప్పై మీటర్ల గడులతో ఉంటాయి. మీ గుట్టను అవి ఒక ముద్దగా చూపిస్తాయి. దాని ఆకారం కంటితో చూసి, చుట్టూ నడిచి, మీరే గీయాలి. ఇందులో కొందరికి చేయి కుదురుతుంది, కొందరికి కుదరదు. కుదిరినవారికి గుట్ట అప్పజెప్పి మిగిలినవారిని గట్ల మీదికి పంపండి.

రంగుల విషయంలో ఒక చిక్కు ఉంది. అంతర్జాతీయ పద్ధతిలో గోధుమ రంగు ఎత్తుపల్లాలకు, నీలం నీటికి, నలుపు రాళ్లకూ మనిషి కట్టినవాటికీ, పసుపు బయలుకు, ఆకుపచ్చ దట్టమైన పొదలకు. తెలుపు అంటే ఖాళీ కాదు, సాఫీగా పరుగెత్తగలిగే అడవి. మన దగ్గర అలాంటి తెలుపు దాదాపు ఉండదు. చెలకలన్నీ పసుపు, తుమ్మలు అన్నీ ఆకుపచ్చ. ఆకుపచ్చలో ఎన్ని ఛాయలు వాడాలన్నది మనిషి కాళ్లను బట్టి కాక కుక్క శరీరాన్ని బట్టి నిర్ణయించండి. పల్లేరు కాయలు పరిచిన ఎర్రనేల మనిషికి బయలే, కుక్కకు నాలుగు అడుగుల తర్వాత కుంటి నడక. అలాంటి చోటుకు వేరే గుర్తు పెట్టుకుంటే ఏ అంతర్జాతీయ సమాఖ్యా మిమ్మల్ని దండించదు. నాట్లు వేసిన యాసంగి మడి, పత్తి ఇంకా తీయని చేను, మిర్చి తోట, వీటిని హద్దు మీరకూడని చోట్లుగానే చూపండి. మిర్చి గురించి ఇంకో మాట తర్వాత వస్తుంది.

మొదటి రోజు పొద్దున పరకాలకు బయలుదేరేముందు, కుక్కలను ఇంట్లోనే ఉంచి, రెండు గంటలు వరంగల్ కోటలో గడపండి. దిక్సూచి నేర్చుకోవడానికి అంతకంటే మంచి బడి ఈ చుట్టుపక్కల లేదు. స్వయంభూ దేవాలయం చోటున నాలుగు తోరణాలు దాదాపుగా నాలుగు దిక్కులకు నిలబడి ఉన్నాయి. ఒక తోరణం నడుమ నిలబడి ఎదుటి తోరణానికి దిశ తీయండి (అది ఉత్తరం నుంచి ఎన్ని డిగ్రీల్లో ఉందో దిక్సూచితో చూడండి), నడవండి, వెనుదిరిగి మళ్లీ తీయండి. రెండింటి తేడా 180 డిగ్రీలు రావాలి. రాకపోతే దిక్సూచి వాలకుండా సమతలంగా పట్టుకోలేదన్నమాట, లేదా జేబులో ఫోను ఉందన్నమాట. మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ నిజమైన ఉత్తరానికీ తేడా డిగ్రీ అటూ ఇటూ మాత్రమే. కాబట్టి ఆ సవరణ గోల మీకు లేదు. పొలంలో మాత్రం మోటారు పైపులు, ట్రాన్స్‌ఫార్మరు, ఇనుప కంచె, నల్లరాతి బండ, కుక్క గొలుసు, వీటి పక్కన సూదిని నమ్మకండి. గొలుసు బదులు తాడు వాడమనడానికి ఇదొక కారణం.

మ్యాప్ చదవడంలో మీకు కావలసిన ఎత్తుగడలు నిజానికి రెండే. ఒకటి, వెంబడి పోవడం: పొలం గట్టు, బండ్ల బాట, ఒర్రె, చెరువు కట్ట, ఇలా నేల మీద గీతలా సాగేదాన్ని పట్టుకొని నడవడం. రెండోది, కావాలని పక్కకు గురిపెట్టడం. గుట్ట మీది నుంచి చెరువు మత్తడికి (అలుగుకు) రావాలనుకోండి. నేరుగా మత్తడికే దిశ పెట్టుకొని దిగితే, కట్ట తగిలేసరికి మత్తడి ఎడమ పక్కన ఉందో కుడి పక్కన ఉందో తెలియదు. ముందే నూరు మీటర్లు కుడికి గురిపెట్టి దిగితే, కట్ట తగలగానే కళ్లు మూసుకొని ఎడమకు తిరగవచ్చు. కుక్క పక్కన ఉన్నవారికి ఈ రెండోది మరీ అవసరం. తాడు లాగుతూ ఉంటే ఏ మనిషీ దిశ తప్పకుండా నడవలేడు.

కుక్కల సంగతికి వద్దాం. మీవి రెండు లాబ్రడార్లు, అందులో ఒకటి ఏడు నెలల పిల్ల. ఒక జర్మన్ షెపర్డ్, ఒక పగ్, ఒక ముధోల్, ఒక నాటు కుక్క అని రాశారు. పగ్‌ను పరుగుకు తీసుకురాకండి. ముక్కు నొక్కుకుపోయిన జాతి కుక్క రొప్పడం ద్వారా ఒంటి వేడిని సరిగా దించుకోలేదు. జనవరి అయినా మధ్యాహ్నం ఎండ ముప్పై డిగ్రీల దాకా పోతుంది. లాబ్రడార్ పిల్లకు ఎముకలు ఇంకా ముదరలేదు. ఏడాది, ఏడాదిన్నర వచ్చేదాకా దాన్ని నడిపించండి, దాగినవారిని వెతికే ఆట ఆడించండి, పరుగు వద్దు. ముధోల్ చూపుతో వేటాడే జాతి. కదిలేది కనిపిస్తే మీ పిలుపు దాని చెవికెక్కదు, కాబట్టి వారమంతా తాడు మీదే. ఈ ఆరింటిలో అన్నిటికంటే బాగా నిలబడేది మీ నాటు కుక్కే అని నా అంచనా. ముల్లూ ఎండా దానికి కొత్తవి కావు.

అందరూ పరుగు నేర్పడానికి తొందరపడతారు. నేర్పవలసింది ఆగడం. మ్యాప్ చదివేవాడు ప్రతి రెండు నిమిషాలకు ఆగుతాడు. ఆ అర నిమిషం కుక్క నిలబడకపోతే, మ్యాప్‌లో మనమున్న చోటు మీద పెట్టుకున్న బొటనవేలు జారుతుంది, ఎక్కడున్నామో పోతుంది, కోపం వస్తుంది, కుక్క మీద అరుస్తారు. ఇక ఆ రోజు అయిపోయినట్లే. అందుకని మొదటి మూడు రోజుల సాయంత్రాలు, మ్యాప్ పని ముగిశాక, ఒకటే అభ్యాసం: నడుస్తూ ఒక్కసారి ఆగండి, మాట ఒకటే వాడండి, కుక్క నిలబడిన మరుక్షణం తినడానికి ముక్క ఇవ్వండి. మొదట ఒక క్షణం, తర్వాత పది, తర్వాత మ్యాప్ విప్పి మడిచేంత సేపు. కాగితం గరగరమన్న చప్పుడే ఆగమన్న సంకేతంగా మారితే మీ పని పండినట్లు. మాట విషయంలో ఇంటిల్లిపాదీ ఒకటే పదం వాడాలి. తండ్రి "ఆగు" అని, కొడుకు "స్టే" అని, తల్లి "ఉండమ్మా" అని అంటే కుక్క ఎవరి మాటా వినదు. ఇంకొకటి, "వెనక్కి". బండల మీద దిగేటప్పుడు, సన్నటి గట్టు మీద, కుక్క మీ వెనుక రావాలి. ముందు లాగిందంటే పళ్లు రాలేది మీకే. తాడు మెడ పట్టీకి కాకుండా ఛాతీ బెల్టుకు కట్టండి, రెండో కొస నడుముకు. చేతులు రెండూ మ్యాప్‌కూ దిక్సూచికీ కావాలి.

నాలుగో రోజు వాసన పని. దీన్ని ఆటగా తీసుకోకండి, ఈ వారం మొత్తంలో కుక్కకు నిజంగా ఇష్టమైన రోజు అదే. మనిషి ఒకరు పొదచాటున దాక్కుంటారు, కుక్క గాలిలో తేలే వాసనతో వెతుకుతుంది. కుక్కను నడిపేవారి పని మ్యాప్ మీద: గాలి ఎటు నుంచి వీస్తోందో బాణం గుర్తు వేసి, గాలి పోయే వైపు అంచు నుంచి మొదలుపెట్టి, గాలికి అడ్డంగా అటూ ఇటూ నడుస్తూ, వెతికిన చోటును గీతలు గీస్తూ పోవాలి. గాలి తెలియడానికి చిటికెడు పౌడరు విదిల్చితే చాలు. పొద్దున చల్లగాలి గుట్ట మీది నుంచి పల్లానికి జారుతుంది, ఎండెక్కాక నేల వేడికి గాలి పైకి లేస్తుంది. అందుకే గుట్ట మీద దాగిన మనిషి వాసన ఎనిమిదింటికి కింద చెరువు దగ్గర దొరికి, పదకొండింటికి అసలు దొరకకపోవచ్చు. కుక్క తలెత్తి ముక్కు తిప్పిన చోటల్లా మ్యాప్‌లో చుక్క పెట్టండి. సాయంత్రం ఆ చుక్కలు కలిపి చూస్తే గాలి గుట్టను ఎలా చుట్టి వచ్చిందో బొమ్మ కట్టినట్లు కనిపిస్తుంది. మ్యాప్ మీద ఎంత ఆసక్తి లేనివాడికైనా అప్పుడు ఆసక్తి పుడుతుంది. ఇందాక ఆపిన మిర్చి మాట ఇక్కడిది. ఎండు మిర్చి ఆరబోసిన కల్లం దరిదాపుల్లో, గాలి అటు నుంచి వీస్తున్నప్పుడు, ఈ పని పెట్టుకోకండి. మనకే తుమ్ములు ఆగవు, ముక్కే బతుకైన జంతువు ఆ రోజంతా పనికిరాదు.

అయిదో రోజు, ఆరో రోజు కుక్కలతో మ్యాప్ పరుగు. అయిదో రోజు రెండు కిలోమీటర్లు దాటకండి, ఆరో రోజు మూడు, నాలుగు. పరుగుకు రెండు, మూడు గంటల ముందు నుంచి కడుపు నిండా తిండి పెట్టకండి, తర్వాత ఒక గంట ఆగి పెట్టండి. నీళ్లు మాత్రం మాటిమాటికీ కొంచెం కొంచెం, మీరు మోసుకొచ్చినవే. చెరువు, మడి నీళ్లు వద్దు, ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్‌కు అదే తావు. టీకాలన్నీ, ముఖ్యంగా రేబిస్‌ది, బయలుదేరేముందే చూసుకోండి. రోజూ సాయంత్రం కాలి మెత్తలు, వేళ్ల సందులు, చెవుల లోపల, చంకల కింద వెతకాలి: ముళ్లు, గడ్డి విత్తనాలు, పిడుదులు. పిడుదును మెలితిప్పకుండా చర్మానికి ఆనుకొని పట్టుకారతో నేరుగా లాగండి. సంక్రాంతి కాబట్టి తెగిన పతంగుల మాంజా కూడా చూసుకోండి, కుక్క కాలికి చుట్టుకొని కోసేస్తుంది.

వేడి దెబ్బ గురించి ఒక్క మాట తడబడకుండా గుర్తుంచుకోండి. కుక్క మామూలు ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీలు. 41 దాటితే ప్రాణం మీదికి వచ్చినట్లు. నాలుక వెడల్పుగా సాగి, చిగుళ్లు ఎర్రబడి, నడక తూలితే, బండెక్కించే ముందే నీళ్లు కుమ్మరించండి, విసరండి. ముందు చల్లార్చడం, ఆ తర్వాతే ఆసుపత్రి. 39.5కు దిగాక నీళ్లు ఆపాలి. పాము కరిస్తే కట్లు కట్టకండి, కోయకండి. కుక్కను నడిపించకుండా ఎత్తుకొని తీసుకుపోండి. మనుషులకు వాడే పాము విషం విరుగుడు ఇంజెక్షనే కుక్కలకూ ఇస్తారు. అది ఎక్కడ నిల్వ ఉందో పండగ సెలవుల్లో వెతుక్కోవడం కాదు, వారం ముందే ఫోను చేసి తెలుసుకోవాలి. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. 1962 నంబరుకు చేస్తే సంచార పశువైద్య వాహనం సంగతి చెబుతారు. ఊర కుక్క మీలో ఎవరినైనా కరిస్తే గాయాన్ని పదిహేను నిమిషాల పాటు సబ్బుతో, పారే నీటితో కడిగి అదే రోజు టీకా వేయించుకోండి.

గొర్ల మంద ఎదురైతే మీరే దారి తప్పుకోవాలి. తాడు పొట్టి చేసి, కుక్కను మందకు అవతలి వైపు పెట్టుకొని, మంద కాపలా కుక్కలు మొరుగుతుంటే పరుగెత్తకుండా పక్కకు నడవండి. కాపరి "కుక్కను పట్టుకో బిడ్డా" అని కేకేశాడంటే అప్పటికే ఆలస్యమైందని అర్థం.

ఏడో రోజు పోటీ. అరకిలోమీటరు పరిధిలో పది కంట్రోళ్లు (ఆటగాళ్లు వెతికి చేరవలసిన, జెండా పెట్టిన చోట్లు) చాలు. నారింజ, తెలుపు రంగుల గుడ్డను ముప్పై సెంటీమీటర్ల చదరంగా కుట్టించుకుంటే అసలు జెండాకు ఏమీ తీసిపోదు. ఒకటి తూము దగ్గర, ఒకటి మత్తడికి ఆనుకొని, రెండు గుట్ట బండల నడుమ, మిగిలినవి బాటల మలుపుల్లో. ఏ కంట్రోలూ బావికి యాభై మీటర్ల లోపు ఉండకూడదు, ఏ రెండు కంట్రోళ్ల మధ్య తిన్నని దారీ బావి మీదుగా పోకూడదు. మీరు ఎంత చెప్పినా మనుషులు తిన్నగానే పోతారు. కుక్కతో పోయే జట్లకు సమయం లెక్క వద్దు. ప్రతి కంట్రోలు దగ్గర కుక్క పది లెక్కపెట్టేదాకా కదలకుండా నిలబడితే ఒక మార్కు, అంతే. గడియారం పెడితే ఈ వారం నేర్పిన ఆగడమంతా ఒక గంటలో పోతుంది. ఇది మీ సొంత పోటీ కాబట్టి ఈ నియమం ఎవరిని చూసి పెట్టాలన్న చింత కూడా లేదు.

దిక్సూచి. అడుగున పారదర్శక పలక, తిరిగే చక్రం, ద్రవం నింపిన గిన్నె ఉన్నది కొనండి. కొనేముందు అది భూమ్మీద ఏ మండలానికి సరిచేసినదో అడగండి. ఉత్తర ఐరోపాకోసం చేసినవాటిలో సూది ఉత్తరపు కొస కిందికి వాలకుండా రెండో కొసకు బరువు పెడతారు. మన దగ్గర ఆ వాలు తక్కువ, కాబట్టి దక్షిణపు కొస కిందికి వంగి గిన్నెకు రాసుకోవచ్చు. దుకాణంలో బల్ల మీద పెట్టి నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి చూడండి, సూది ఎక్కడా తట్టుకోకుండా తేలాలి. బల్ల ఇనుపదైతే నేల మీద పెట్టి చూడండి. ఎనిమిది మందికి నాలుగు చాలు, జంటకు ఒకటి. తాడుకు కట్టి మెడలో వేసుకోకండి, కుక్క లాగినప్పుడు అది కంపకు తగులుకుంటుంది. మణికట్టుకు కట్టుకోండి.